ఏడు దినములు, మూడు దీవులు



క్రిందటి నెలలో మాకు వచ్చిన జాబులలో గోదావరి తీరమునందలి యొక పట్టణమునుండి వచ్చిన జాబొకటి మమ్ము కొంతసేపు ఆలోచింపజేసినది. ఏప్రిలు నెల చివర పిల్లల పరీక్షలు ముగియగానే భర్తగారికి వారము దినముల సెలవు దొరకినదట. అండమాను దీవులకు పోవలెనని చిరకాలముగా నున్న కోరిక. వారు పటము ముందు పెట్టుకొని హావెలాకు, నీలు, బారాటాంగు, లాంగు దీవి, ఉత్తరమున దిగ్లీపురము అని యైదుచోట్లు గుర్తుపెట్టి, దినమున కొకటి చొప్పున కాగితముపై వ్రాసి యిచ్చిరట. పిల్లలలో పెద్దవానికి పండ్రెండేండ్లు, చిన్నదానికి ఎనిమిది. అత్తగారికి అరువది యెనిమిది. "అత్తగారిని ఆడబిడ్డ యింట దింపి పోవుదము, ఆమె ఈ తిరుగుడునకు ఓర్వలేరు అని వారనుచున్నారు. ఆమె పైకి సరే యన్నారు గాని, సముద్రము చూచి యెన్నాళ్లయినదో యని నిన్న పిల్లలతో చెప్పుచుండగా వింటిని. మీరేమందురు?" అని యా సోదరి ప్రశ్న.

అత్తగారిని తప్పక తీసికొనిపొమ్మని మేమనుచున్నాము. దింపవలసినది ఆమెను గాదు, ఆ కాగితములోని రెండు మూడు దీవులను.

పటముపై చూచినప్పుడు దీవులన్నియు ఒకదాని ప్రక్క నొకటి ముత్యములు గ్రుచ్చినట్లుండును. బంగాళాఖాతమున ఉత్తర దక్షిణములుగా పరచుకొనియున్న యీ అండమాను నికోబారు దీవులు చిన్నవి పెద్దవి కలిపి 836 అని లెక్క. అందు మనుష్యులు కాపురముండునవి ముప్పది చిల్లరయే. యాత్రికులు పోదగినవి ఇంకను తక్కువ. దిగ్లీపురము ముఖ్యపట్టణమునకు 300 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. పోవుటకొక పగలు, వచ్చుటకొక పగలు సరిపోవును. ఏడు దినములలో రెండు దినములు బండిలోనే గడపువారు ఇల్లు కదలకుండుటయే మేలు గదా.

మరియొక లెక్క కూడ గలదు. దానిని మగవారు సాధారణముగా వేయరు. దినమున కొక దీవి యనగా దినమున కొక బస. బస మారినప్పుడెల్ల తడిబట్టలు పిండి, ఆరనివి వేరుగా మూటగట్టి, పిల్లల చెప్పులు వెదకి, మందులు లెక్కించి, పెట్టెలు సర్దవలెను. ఈ పని యెవరి పాలు? అయిదు బసలైనచో అయిదు రాత్రులు ఆ సోదరి పెట్టెల ముందు కూర్చుండవలసినదే. మేము చెప్పబోవు పద్ధతిలో పెట్టెలు సర్దు పని మూడుసార్లకు మించి రాదు.

ఇక ప్రయాణమును గూర్చి. విశాఖపట్టణమునుండి స్టీమరు అప్పుడప్పుడు పోవుచుండును, చెన్నపట్టణమునుండియు కలకత్తానుండియు పోవునవి కలవు. కాని దూరము సుమారు 1,200 కిలోమీటర్లు. దాదాపు మూడు దినముల ప్రయాణము. నెల దినముల సెలవు గలవారికది యొక వేడుక, వారము సెలవు గలవారికి విమానమే గతి. చెన్నపట్టణమునుండి రెండు గంటలకు కొంచెము పైన పట్టును. కాలము మాత్రము ఈ కుటుంబమువారు మంచిదే యెంచిరి. ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వరకు అచ్చట సముద్రము శాంతముగా నుండును. నైరృతి ఋతుపవనము మన దేశమున మొట్టమొదట తాకునది ఆ దీవులనే, మే నెల 20వ తేదీ ప్రాంతమున. అందుచే మే మొదటి వారము దాటనీయకుండుట మంచిది. ఉక్కపోత మాత్రము మన కోస్తా వేసవికేమియు తీసిపోదు.

పేర్లను గూర్చి యొక మాట. పోర్టు బ్లెయిరు 2024వ సంవత్సరమున శ్రీవిజయపురమైనది. హావెలాకు 2018లో స్వరాజ్ ద్వీపమును, నీలు షహీద్ ద్వీపమును, రాసు దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమును అయినవి. జనుల నోట పాతపేర్లే నడచుచున్నవి. టిక్కెట్టుపై కొత్తపేరు చూచి "ఇది మన దీవి కాదు" అని రేవులో కంగారుపడవలదని ముందే చెప్పుచున్నాము. ఈ వ్రాతలో మేమును పాతపేర్లే వాడెదము.

మొదటి దినమున విమానము దిగిన పిమ్మట ఏ దీవికిని పరుగెత్తరాదు. స్నానము, భోజనము, ఒక కునుకు. ఇచ్చట గమనింపవలసిన విషయమొకటి యున్నది. గడియారము మన గడియారమే గాని, సూర్యుడు మన సూర్యుడు కాడు. ఆ దీవులు మనకు చాల తూర్పున నుండుటచే ఏప్రిలు చివర 5 గంటలకే తెల్లవారును, సాయంకాలము 5-30 దాటిన కొంతసేపటికే ప్రొద్దు క్రుంకును. "నాలుగు గంటలకు కాఫీ త్రాగి తీరిపారి సముద్రమునకు పోవుదము" అనుకొనువారు చీకటిని చూచి వత్తురు. ఉదయము పెందలకడ లేచు అలవాటుగల అత్తగారివంటివారికే ఆ దేశము అనుకూలము. మధ్యాహ్నము 12 మొదలు 2 వరకు ఎండలో తిరుగక నిద్రించి, 3 గంటలకు బయలుదేరవలెను.

ఆ సాయంకాలము కారాగారము చూడవచ్చును. ద్వీపాంతరవాసము అను మాట మన యిండ్లలో నొకప్పుడు ఎంత భయము పుట్టించెడిదో పెద్దలు చెప్పగా వినియుందురు. సముద్రము దాటింపబడినవాడు తిరిగి రాడనియే లెక్క. 1857 తిరుగుబాటు పిమ్మట, 1858లో ఆంగ్లేయు లచ్చట ఖైదీల వలస నేర్పరచిరి. 1896 మొదలు 1906 వరకు కట్టినది సెల్యులరు జైలు. నడుమ గోపురము, దానినుండి చక్రపు ఆకులవలె ఏడు వరుసలు. ఇప్పుడు నిలిచియున్నవి మూడే. ఒక్కొక్క గది సుమారు పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. ఎదుటి వరుసలోనివాని ముఖమైనను కనబడకుండ కట్టిన నేర్పు! మనుష్యుని గానుగకు కట్టి కొబ్బరినూనె ఆడించిన చోటది. పండ్రెండేండ్ల బాలునకు ఒక గదిలో నిలబెట్టి చూపుడు, తలుపు మూయనక్కరలేదు. ఎనిమిదేండ్ల పాప భయపడునేమో, దానికి అత్తగారితో బయటి పచ్చికలో కూర్చుండుటయే మేలు. ఇట్టి చోట్లకు సెలవు దినములుండును గనుక బసవారి నడిగి పోవుడు.

బజారులో తెలుగు వినబడినచో ఆశ్చర్యపడవలదు. 2011 జనాభా లెక్కలలో అచ్చటివారిలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి చేపలవేటకును కూలికిని పోయి స్థిరపడిన కుటుంబములు వారిలో పెక్కు. అత్తగారికి హిందీ రాదని చింతవలదు.

రెండవ దినమున ఉదయపు పడవలో హావెలాకు. గంటన్నర మొదలు రెండున్నర గంటల ప్రయాణము, పడవనుబట్టి. సర్కారు పడవలు చౌక, కాని టిక్కెట్లు దొరకుట కష్టము. ప్రైవేటు పడవలు వేగముగా పోవును, చల్లని యంత్రములుండును, ధర హెచ్చు. అయితే వీనిలో కిటికీ తెరచుటకు వీలుండదు. సముద్రము కొంచెము కదలినను, గాలి లేనిచోట కడుపు త్రిప్పుట యెక్కువ. ఇందు మన స్త్రీలు చేయు పొరపాటొకటి కలదు. వాంతి యగునేమో యని ఏమియు తినక ఖాళీ కడుపుతో ఎక్కుదురు. ఖాళీ కడుపు నిండు కడుపుకంటె చెడ్డది. రెండు ఇడ్డెనలు తిని, కాఫీ మాని, చిన్న అల్లపు ముక్క ఉప్పుతో నమలుచు, పడవ నడిభాగమున క్రింది అంతస్తులో కూర్చుండవలెను. ముందుభాగమున ఊగు ఎక్కువ. చూపు పుస్తకముపైనను చేతిఫోనుపైనను ఉంచక, దూరమున ఆకాశము సముద్రము కలియు గీతపై నిలుపవలెను. పిల్లలకు ఫోను చేతికిచ్చి కూర్చుండబెట్టుట వలననే సగము వాంతులు. అత్తగారికి రక్తపుపోటు మందు వాడుచున్నారని జాబులో వ్రాసిరి గనుక, పడవ వాంతుల బిళ్ల ఆమెకు ఇయ్యవచ్చునో లేదో ఇంటి వైద్యుని ముందే యడిగి, ఇయ్యవచ్చునన్నచో పడవ యెక్కుటకు గంట ముందే వేయుడు. వాంతి మొదలైన పిమ్మట వేసినది నిలువదు.

హావెలాకులో మూడు రాత్రు లుండుడు. ఇచ్చట మేము గట్టిగా చెప్పుచున్నాము. మూడు రాత్రులనగా పెట్టె విప్పి బట్టలు కొయ్యకు తగిలింపవచ్చును. ఆ సుఖ మెట్టిదో చదువరులకు మేము చెప్పనక్కరలేదు. మొదటి సాయంకాలము రాధానగర తీరము. పడమటి ముఖముగా నున్న తెల్లని యిసుక, వెనుక దట్టమైన అడవి. 2020లో దీనికి నీలిజెండా గుర్తింపు వచ్చినది. స్నానపు గదులు, నీటిలో నాపదలనుండి కాపాడు మనుష్యులు కలరు. వారు చెప్పిన హద్దు దాటరాదు. ఆ దీవులలోని మడ అడవుల వాగులలో ఉప్పునీటి మొసళ్లు కలవు. హెచ్చరిక పలక యున్నచోట ఒక్క అడుగైనను నీట పెట్టరాదు. పలకను వెనుకనుంచి ఛాయాచిత్రము తీయించుకొనువారును ఉన్నారు!

మరునాటి ఉదయము ఏనుగుల తీరము. రేవునుండి చిన్నపడవలో అర్ధగంట లోపల చేరవచ్చును. ముఖమునకు అద్దము కట్టుకొని, గొట్టముతో గాలి పీల్చుచు, తేలుచు పవడపు పుట్టలను చూచు వినోదము అచ్చట. ఈతరాని వారిని కూడ మనిషి చేయి పట్టుకొని తేల్చును. ఈ పడవలో ఎక్కుట దిగుట అత్తగారికి కష్టము. కనుక తండ్రి పిల్లలను తీసికొని పోవలెను. ఆ పూట ఆ సోదరి అత్తగారితో విజయనగర తీరమున చెట్టు నీడను కూర్చుండవచ్చును. లోతులేని శాంతమైన నీరు, మోకాలి లోతున కూర్చుండి పెద్దవారు స్నానము చేయవచ్చును.

అయితే మూడవనాటి ఉదయము మార్పు జరుగవలెను. తల్లికడ కుమారుడు కూర్చుండవలెను, సోదరి సముద్రములోనికి పోవలెను. జాబులో ఆమె తన కోరికను గూర్చి యొక్క ముక్కయైనను వ్రాయలేదు. పిల్లలు చేపలను చూడవలెను, అత్తగారు సముద్రము చూడవలెను, వారికి అయిదు దీవులు చూడవలెను. మరి ఆమెకు? ప్రయాణమునకు ముందే, ఇంటిలోనే, "శుక్రవారము ఉదయము నాది" యని భర్తగారితో చెప్పి యొప్పించుడు. అచ్చటికి పోయిన పిమ్మట నోరు విడిచి యడుగుట కష్టము. తల్లి ప్రక్కన రెండు గంటలు కూర్చుండి ఆమె చిన్ననాటి కబుర్లు వినుట కొడుకునకు నష్టము గాదు.

నీట దిగునప్పుడు చీర కట్టరాదు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకొని బరువై మునుగదీయును. పొడుగు చేతుల చొక్కా, పైజామావంటి యొంటికంటుకొనియుండు దుస్తులు ఎండనుండియు కాపాడును. "ఎవరేమనుకొందురో" యని సంకోచింపవలదు, అచ్చట నెవరును మిమ్ము చూచుటకు రాలేదు. పవడపు రాళ్లు కాలు కోయును గనుక పాత కాన్వాసు చెప్పులు జత వెంట నుండవలెను.

అయిదవ దినమున నీలు. గంట, గంటన్నర పడవ. సుమారు 14 చదరపు కిలోమీటర్ల చిన్నదీవి. ఆటోలో ఒక పూటలో చుట్టిరావచ్చును. ఈ దీవి అత్తగారి కొరకే యున్నదా యనిపించును. ఊళ్ల పేర్లు రామనగరము, లక్ష్మణపురము, భరతపురము, సీతాపురము! దేశవిభజన పిమ్మట తూర్పు బంగాళమునుండి ఇల్లు వాకిలి విడిచి వచ్చిన కుటుంబముల నిచ్చట నెలకొల్పిరి. అడవి కొట్టి చేను చేసికొనిన ఆ జనులు తమ యూళ్లకు రామాయణమునుండి పేర్లు పెట్టుకొనిరి, హావెలాకులో గోవిందనగరము, శ్యామనగరము, కృష్ణనగరము అని కృష్ణుని పేర్లు పెట్టుకొనినట్లే. ఈ దీవి కూరగాయలకు పేరుపడినది. దారి ప్రక్క అరటి, బొప్పాయి, వంగ, బెండ తోటలు. కొబ్బరిబొండములు త్రాగుచు పోవచ్చును. భరతపురమున అడుగున అద్దము బిగించిన పడవలు కలవు. వానిలో చీర తడవకుండ కూర్చుండి అత్తగారు కూడ పవడములను చేపలను చూడవచ్చును. ఇది పోటు సమయమున బాగుండును.

లక్ష్మణపురము కడ సముద్రము తొలిచిన రాతి వంతెన చూచుట ఆటు సమయముననే సాధ్యము. ఆటు సమయము దినదినమునకు సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగుచుండును. పంచాంగము చూచు అలవాటు గల మన యిండ్లలో ఇది సులభము. పౌర్ణమికిని అమావాస్యకును దగ్గరగా నున్నచో నీరు మిక్కిలి దూరము తగ్గును. అష్టమి ప్రాంతమున అంతగా తగ్గదు. సరియైన గంట బసవారు చెప్పుదురు. రాళ్లపై నాచు జారును. అత్తగారిని గట్టుననే కూర్చుండబెట్టుడు.

ఆరవ దినమున ఉదయపు పడవలో పోర్టు బ్లెయిరు చేరవలెను. మా మాటలలో మిగిలినవి మరచినను ఇది మరువరాదు. గాలి లేచినచో పడవలు నిలుపుదురు, వారిని బ్రతిమాలి ఫలములేదు. విమానపు దినముననే దీవినుండి బయలుదేరుదమనుకొనిన కుటుంబములు టిక్కెట్ల సొమ్ము పోగొట్టుకొని రేవులో పెట్టెలపై కూర్చుండుట కద్దు. ఒక దినము చేతిలో నుంచుకొనిన, పడవ నిలిచినను విమానము దొరకును. పడవ సరిగా వచ్చినచో ఆ మధ్యాహ్నము రాసు దీవికి పోవచ్చును, పావుగంట దూరమే. ఒకప్పుడు ఆంగ్లేయుల యధికారులకు నివాసము. 1941లో భూకంపము, 1942లో జపానువారి రాక. ఇప్పుడా నృత్యశాలల గోడలను మఱ్ఱివేళ్లు పట్టుకొనియున్నవి, జింకలు మనుష్యుల చేతులు నాకుచు తిరుగును. పిల్లలకు చరిత్ర పుస్తకముకంటె ఇది మేలు.

బారాటాంగు సున్నపురాతి గుహలను గూర్చి. తెల్లవారుజామున 3 గంటలకు లేచి, బండ్ల వరుసలో జారవాల యడవి గుండ పోయి రావలసియుండును. ముసలివారికిని చిన్నవారికిని అది శిక్ష. అదియొక కారణము. అంతకంటె పెద్ద కారణ మింకొకటి. ఆ యడవి జారవాల యిల్లు. వారు తమంతట తాము బ్రదుకుచున్న కొద్దిపాటి జనము. మన జలుబు వారికి ప్రాణాంతకము కావచ్చును. 1956 నాటి చట్టము వారిని కాపాడవలెనని చెప్పుచున్నది, 2002లో సుప్రీముకోర్టు ఆ యడవిలోని దారి మూయవలెనని ఉత్తరువు చేసినది. అయినను బండ్లు పోవుచునే యున్నవి. ఛాయాచిత్రము తీయుట, బండి ఆపుట, తినుబండారము లిచ్చుట నేరములు. గుహలు చూచు నెపమున కిటికీలోనుండి మనుష్యులను చూడబోవువారు పెక్కుమంది. మన వాకిట బండ్లు నిలిపి మన పిల్లలను చూచి పోవువారుండిన మన మోర్తుమా? ఈ దీవి మేము కాగితమునుండి కొట్టివేసితిమి.

తిండి విషయము క్లుప్తముగా. పట్టణమున ఇడ్డెన, దోసె, అన్నము సులభముగా దొరకును. చిన్నదీవులలో శాకాహారము దొరకును గాని వడ్డించుట ఆలస్యము. పడవలపై వచ్చు సరకులు గనుక ధరలును హెచ్చు. అటుకులు, పేలపిండి, వేరుసెనగ ఉండలు, కందిపొడి వెంట నుండిన అత్తగారికి ఆధారము. ఊరగాయ మూత గట్టి డబ్బాలో పెద్దపెట్టెలో పెట్టుడు, విమానములో చేతిసంచిలో పెట్టనీయకపోవచ్చును. వంటసామాను మాత్రము తీసికొనిపోరాదు. పొయ్యి వెంట వచ్చినచో వంటయు వెంట వచ్చును. మందులను రెండు పాళ్లు చేసి రెండు పెట్టెలలో నుంచవలెను, ఒక పెట్టె ఆలస్యమైనను రెండవది యుండును. పెద్దజబ్బు చేసినచో చిన్నదీవులనుండి పోర్టు బ్లెయిరు ఆసుపత్రికే పోవలెను. నగదు కొంత చేతిలో నుండవలెను.

పిల్లలు గవ్వలు ఏరుదురు. పవడపు ముక్క చచ్చినదైనను, ఒడ్డున పడియున్నదైనను తెచ్చుట వన్యప్రాణి చట్టముక్రింద నేరము. విమానాశ్రయమున పెట్టెలు వెదకి తీసివేయుదురు, జరిమానా కూడ పడవచ్చును. ఏడ్పులు అచ్చట మొదలగుటకంటె, మొదటి దినముననే "చూచి చేతబట్టి మరల అచ్చటనే పెట్టవలెను" అని పిల్లలతో ఒప్పందము చేసికొనుడు.

ఇక టిక్కెట్లు. విమానము పిమ్మట మొట్టమొదట కొనవలసినది నీలునుండి పోర్టు బ్లెయిరునకు తిరుగు పడవ. అది చేతికి వచ్చిన పిమ్మటనే బసలు. పేర్లు గుర్తింపు పత్రములో నున్నట్లే వ్రాయింపవలెను. మన స్త్రీలకు ఈ విషయమున చిక్కులున్నవి. ఒకచోట పుట్టింటి యింటిపేరు, మరియొకచోట అత్తింటిది, ఒకచోట పొట్టి యక్షరములు. అత్తగారి ఆధారు కార్డు ఇప్పుడే తీసి, ఆమె పేరు దానిలో నెట్లున్నదో చూచి వ్రాసికొనుడు.